ఎండ బిందె, నీడ కుండ

అనగనగా ఒక రాజు లేడు, ఒక రాణీ లేదు. అనగనగా ఒక కనుమ ఉంది. ఆ కనుమ మీద ఒక రోడ్డు ఉంది. ఆ రోడ్డు పక్కన ఒక ముసలామె ఉంది. ఎప్పటి సంగతి అని అడగొద్దు, నాకు తెలియదు. మా పెద్దవాళ్లు నాకు చెప్పారు, నేను మీకు చెబుతున్నాను. నడుమ ఎవరైనా ఉప్పూ కారం తగిలించి ఉంటే ఆ పాపం వాళ్లదే.

దాన్ని గూబల కనుమ అనేవారు. కొండకు ఇటువైపు టమాటా తోటలు, అటువైపు సంత. తోటలో కాసింది సంతకు చేరాలంటే కనుమ ఎక్కి దిగాల్సిందే. ఎక్కుడు అయిపోయి దిగుడు మొదలయ్యే చోట, గాలి తప్ప ఇంకేదీ నిలవని చోట, ఒక రాళ్ల కొట్టం ఉండేది. అందులో సుంకమ్మ ఒక్కతే ఉండేది.

కొట్టం ముందు రెండు పాత్రలు. ఎండలో ఒక సత్తు బిందె. నీడలో ఒక మట్టి కుండ. ఎక్కుడు వేడికి ఇంజిన్ కాలి ఎవరైనా బండి ఆపితే సుంకమ్మ ముందుగా అనే మాట ఒకటే.

"ఎండ బిందె బండికి, నీడ కుండ మనిషికి."

తిరగేసి వాడితే ఊరుకునేది కాదు. దప్పికతో ఎవరైనా ఎండ బిందెలో చెంబు ముంచితే చేతి మీద ఒక్కటి వేసేది. నీడ కుండ ఎత్తుకుని ఇంజిన్ దగ్గరికి పోబోతే మాత్రం అడ్డంగా నిలబడేది. అంత పట్టుదల ఎందుకంటే, ఆ తేడా తెలియకే ఆమె మొగుడు పోయాడు.

మొగుడి పేరు ఓబులేసు. పికప్పు బండి నడిపేవాడు. ఒకసారి టమాటాల లోడుతో కనుమ ఎక్కాడు. పైకొచ్చేసరికి ఇంజిన్ కాలి, రేడియేటర్ మూత దగ్గర ఆవిరి బుసకొట్టింది. సరుకు ఎండకు చెడిపోతుందని అతని ఆత్రం. పక్కనే రాతి సందులో ఊట ఉంది, నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లన. అవే తెచ్చి మండుతున్న ఇంజిన్‌లో కుమ్మరించాడు. లోపల ఇనుము పగిలింది. పగిలిన సంగతి పైకి కనబడదు కదా. బండి స్టార్టయింది, దిగుడులో పడింది, రెండో మలుపు దగ్గర ఇంజిన్ ఆగిపోయింది. ఇంజిన్ ఆగితే ఆ రకం బండిలో బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుంటుంది. ఓబులేసు బండితో సహా లోయలోకి పోయాడు.

సుంకమ్మ ఏడ్చినన్నాళ్లు ఏడ్చింది. పిల్లలు లేరు, వెనక్కి పిలిచేవాళ్లు లేరు. ఊళ్లో ఇల్లు వదిలేసి, ఓబులేసు బండి ఆపిన చోటికే వచ్చి రాళ్లు పేర్చుకుంది. కాస్త ఆగు నాయనా అని చెప్పే మనిషి ఒకరుంటే ఆ రోజు అతను బతికేవాడు. ఆ మనిషి తానే కావాలనుకుంది. రోజూ పొద్దున్నే ఊట దగ్గరికి పోయి నీళ్లు మోసుకొచ్చి, బిందె నింపి ఎండలో పెట్టేది, కుండ నింపి నీడలో పెట్టేది.

మొదట్లో ఆమెకు ఊపిరి సలిపేది కాదు. ఆ కాలంలో కనుమ ఎక్కి కాలని బండి లేదు. లారీలు ఆగేవి, జీపులు ఆగేవి, పెళ్లి బస్సులు ఆగేవి. ఇంజిన్ చల్లారేదాకా జనం కూర్చుని కష్టం సుఖం చెప్పుకునేవారు. సుంకమ్మ అందరినీ మూడు ప్రశ్నలు అడిగేది. నీళ్లు చూసినావా? బెల్టు చూసినావా? ఆయిలు చూసినావా? చూడలేదంటే బానెట్ ఎత్తించి, దగ్గరుండి చూపించి మరీ పంపేది.

తర్వాత కొత్త బండ్లు వచ్చాయి. మంచి ఇంజిన్లు, పెద్ద రేడియేటర్లు. కొండ ఎక్కినా కాలవు, ఆగవు. పోనీ కాలకపోయినా ఊరికే ఆగి పలకరిస్తారా అంటే, ఆ దారి డ్రైవర్లకు ఒక పట్టింపు ఉండేది. బాగా నడిచే బండిని కనుమ మీద ఆపకూడదు. ఆపితే బండి ఆ చోటు అలవాటు చేసుకుంటుంది, ఇక వచ్చిన ప్రతిసారీ అక్కడే మొరాయిస్తుంది. ఎద్దుల కాలం నుంచి ఉన్న మాట అది. ఎద్దు నేర్చుకునేదేమో గానీ ఇనుము ఏం నేర్చుకుంటుందని మీరడగొచ్చు. డ్రైవర్లతో వాదన పెట్టుకుని నెగ్గినవాణ్ణి నేనైతే చూడలేదు.

అలా బండ్లు పోతూనే ఉండేవి, ఒక్కటీ ఆగేది కాదు. సుంకమ్మ మాత్రం బిందె నింపడం మానలేదు, కుండ నింపడం మానలేదు. గుమ్మంలో కూర్చుని ఎక్కే బండ్ల చప్పుడు వినేది. ఒక్కోసారి తన గొంతు ఎలా ఉంటుందో మరిచిపోయి, గోడకేసి ఒక మాట అని చూసుకునేది. ఏదో ఒక బండి కాలితే బాగుండునని మనసులో అనుకునేది. వెంటనే లెంపలు వేసుకునేది. ఒంటరితనం మంచి మనిషి చేత కూడా చెడ్డ కోరికలు కోరిస్తుంది. ఆమెను తప్పుపట్టేవాళ్లు ఒక్క నెల ఆ గాలిలో కూర్చుని వచ్చి అప్పుడు మాట్లాడాలి.

అలాంటి రోజుల్లో ఒక సంతరోజు, ఎక్కుడులో ఒక చప్పుడు వినబడింది. సుంకమ్మ గుమ్మంలోంచి లేచి నిలబడింది. అది ఓబులేసు నడిపిన రకం బండి చప్పుడు. ముక్కుతూ మూలుగుతూ మలుపు తిరిగి, కొట్టం ముందుకొచ్చి, ఆవిరి కక్కుతూ నిలబడింది. నీలం రంగు పాత పికప్పు. ఒక తలుపు మాత్రం పచ్చరంగు, ఇంకేదో బండిది తెచ్చి బిగించినట్టుంది. వెనక టమాటా పెట్టెలు. లోపల్నుంచి దస్తగిరి అనే డ్రైవరు దిగాడు. దిగీ దిగగానే రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు నాయనా," అంది సుంకమ్మ. "మూత ముట్టుకుంటే మొగం కాలతాది. ఇంజిన్ ఆపొద్దు, మెల్లగా తిరగనీ. నువ్వు కూచో. ఎండ బిందె బండికి, నీడ కుండ మనిషికి."

దస్తగిరి కూర్చుని నీడ కుండలో నీళ్లు తాగాడు. ఆవిరి అణిగాక ఆమె గోనెపట్టా మూత మీద వేసి, కొద్దికొద్దిగా తిప్పి తీసింది. ఎండకు వెచ్చబడ్డ నీళ్లు సన్నటి ధారగా పోసింది. నీళ్లు చూసినావా, బెల్టు చూసినావా, ఆయిలు చూసినావా అని అడిగింది. అతను అన్నీ చూశానన్నాడు. అది తన నాయన నడిపిన బండి అనీ, రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్ అనీ, నాలుగు సిలిండర్లు, అయిదు గేర్లు అనీ, ఇప్పటి బండ్లు దీని ముందు ఎందుకూ పనికిరావనీ గొప్పగా చెప్పాడు.

"నాలుగు సిలిండర్లలో మూడే పలుకుతాండాయి గదరా," అంది సుంకమ్మ. "నాలుగోది నిద్రపోతాంది."

దస్తగిరి పగలబడి నవ్వాడు. ఆ కొట్టంలో నవ్వు వినబడి ఎన్నేళ్లయిందో. అతను పోయాక కూడా ఆ నవ్వు గుర్తు చేసుకుంటూ ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది.

సంత ఊళ్లో మెకానిక్కు బెల్టు వదులైందని చెప్పి బెల్టు మార్చాడు. తర్వాతి సంతకు దస్తగిరి బండి మళ్లీ అక్కడే కాలింది. ఈసారి మెకానిక్కు రేడియేటర్ విప్పి మట్టి కడిగాడు. మళ్లీ అక్కడే కాలింది. మూత పట్టడం లేదని కొత్త మూత వేశాడు. మళ్లీ అక్కడే కాలింది. పాపం, అతన్ని అనడానికీ లేదు. షెడ్డు ఉన్నది చదును నేల మీద. చదును నేల మీద ఆ బండికి ఏ రోగమూ లేదు. రోగం బయటపడేది కనుమ మీద. అక్కడున్నది సుంకమ్మ ఒక్కతే.

ఆమెకు ఆ రోగం రెండోసారే తెలిసింది. బానెట్ కింద రెండు రబ్బరు గొట్టాలుంటాయి. పై గొట్టంలో వేడి నీళ్లు ఇంజిన్ నుంచి రేడియేటర్‌లోకి పోతాయి. కింది గొట్టంలో చల్లారిన నీళ్లు తిరిగి ఇంజిన్‌లోకి వస్తాయి. ఆ రోజు ఆమె రెంటినీ ముట్టుకుని చూసింది. పై గొట్టం చుర్రుమంది. కింది గొట్టం చల్లగా ఉంది. ఇంజిన్ దగ్గర చిన్న తలుపులాంటి వాల్వు ఒకటి ఉంటుంది. నీళ్లు కాగితే అది తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే నీళ్లు కదలవు, ఇంజిన్ ఉడుకుతుంది. పై గొట్టం కాలి కిందిది చల్లగా ఉందంటే ఆ తలుపు మూసుకుపోయినట్టే అని ఓబులేసు బండి బాగుచేసుకుంటూ ఆమెకు ఎన్నోసార్లు చెప్పాడు.

చెప్పేద్దామనుకుంది. నోటిదాకా వచ్చింది. అప్పుడే దస్తగిరి బొరుగుల పొట్లం విప్పి, తిను అవ్వా అన్నాడు. మాట మింగేసింది. మూడోసారి చెప్పేద్దామనుకుంది. అప్పుడతను తన పెళ్లాం మాబున్ని గురించి, కొత్తగా పుట్టిన బిడ్డ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మళ్లీ మింగేసింది. వాల్వు మారిస్తే బండి కాలదు. కాలని బండి ఆగదు. ఆగని బండిలో దస్తగిరి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

తర్వాత ఆమె సంతరోజుల కోసమే బతికింది. ఆ రోజు పొద్దున్నే లేచి సంగటి కెలికి, రెండు కంచాలు కడిగి పెట్టేది. దూరాన బండి మూలుగు వినగానే కొంగు సర్దుకునేది. తాను చేస్తున్నది తప్పని ఆమెకు తెలుసు. తెలిసి కూడా చేసింది.

నాలుగోసారి దస్తగిరి ఉత్సాహంగా దిగాడు. వచ్చే సంతకు మాబున్నినీ బిడ్డనూ బండిలో తీసుకుని అత్తగారింటికి పోతున్నానన్నాడు. బిడ్డను చూద్దువుగాని అవ్వా, నీ ఒళ్లో వేస్తాను అన్నాడు. సుంకమ్మ మురిసిపోయింది. మురుస్తూనే అలవాటు కొద్దీ ఆయిలు కొలిచే పుల్ల లాగి చూసింది. పుల్లకు నల్లటి ఆయిలు అంటలేదు. మజ్జిగలాంటి తెల్లటి నురగ అంటింది.

పుల్ల తుడిచి మళ్లీ ముంచి చూసింది, మళ్లీ అదే నురగ. మాటిమాటికీ కాలి కాలి లోపల నీళ్లకూ ఆయిలుకూ అడ్డుండే గ్యాస్కెట్ పోయింది, నీళ్లు ఆయిల్లో కలుస్తున్నాయి. ఇక ఆ ఇంజిన్ ఏ దిగుడులోనైనా బిగుసుకుపోవచ్చు. ఆమెకు రెండో మలుపు కళ్ల ముందు నిలిచింది. వచ్చే సంతకు ఆ బండిలో ఆడమనిషి ఉంటుంది, ఒళ్లో బిడ్డ ఉంటుంది.

అప్పుడు చెప్పింది. అతని చెయ్యి పట్టుకుని పై గొట్టం మీద పెట్టింది, కింది గొట్టం మీద పెట్టింది. తెల్లటి నురగ చూపించింది. వాల్వు మార్చు, గ్యాస్కెట్ మార్చు, అంతవరకూ ఈ బండిలో బిడ్డను ఎక్కించొద్దు అంది. అక్కడితో ఆపి ఉంటే దస్తగిరి ఆమె కాళ్లకు మొక్కి పోయేవాడు. కానీ ఇక దాచడం ఆమె వల్ల కాలేదు. వాల్వు సంగతి నాకు రెండోసారే తెలుసు అని కూడా చెప్పేసింది.

దస్తగిరికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం నల్లబడింది. కాలిన ప్రతిసారీ ఎండకు మెత్తబడి పారబోసిన టమాటాలు గుర్తొచ్చాయి. ఇంట్లో మాబున్ని పడిన బెంగ గుర్తొచ్చింది.

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదవ్వా?"

"చెప్తే నువ్వు ఆగవు గదా నాయనా."

ఆ మాట విన్నా అతని కోపం దిగలేదు. సంగటి ముట్టలేదు, నీడ కుండలో నీళ్లు తాగలేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా బండికి అవతలి పక్క నిలబడ్డాడు. ఫస్టు గేరులోనే దిగు, బరువంతా బ్రేకు మీదే పడనీయొద్దు అని ఆమె చెబితే తల కూడా ఊపలేదు. అయినా ఆమె చెప్పినట్టే దిగాడు. బండి చప్పుడు మలుపులన్నీ దాటి కొండ కిందికి చేరేవరకూ సుంకమ్మ రోడ్డు మీద నిలబడి వింది. కింద చదును నేల మీద చప్పుడు సాఫీగా సాగింది. అప్పుడు కొట్టంలోకి పోయి రెండు కంచాలూ బోర్లించింది.

మెకానిక్కు వాల్వు మార్చాడు, గ్యాస్కెట్ మార్చాడు, నిద్రపోతున్న నాలుగో సిలిండరును కూడా లేపాడు. తర్వాతి సంతకు నీలం పికప్పు పాట పాడుతూ కనుమ ఎక్కింది. కాలలేదు. ఆగలేదు. లోపల మాబున్ని ఉంది, ఒళ్లో బిడ్డ ఉంది. దస్తగిరి తల తిప్పకుండా పోయాడు. సుంకమ్మ మాత్రం బిడ్డ ఎర్రటోపీ చూసింది. అదే చాలనుకుంది.

కోపం ఎన్నాళ్లుంటుంది? కొన్ని సంతలకు దస్తగిరి తల తిప్పి చూశాడు. మరికొన్ని సంతలకు హారన్ కొట్టాడు. తర్వాత ఎప్పుడు పోయినా మూడుసార్లు కొట్టేవాడు. ఆమె గుమ్మంలోంచి చెయ్యి ఎత్తేది. ఆగాలని అతనికీ ఉండేది. కానీ అన్ని తిప్పలు పడి బాగుచేసుకున్న బండి. నడిచే బండిని కనుమ మీద ఆపితే మళ్లీ పాత రోగం తిరగబెడుతుందేమోనని భయం. తోటి డ్రైవర్లు కూడా అదే అన్నారు. ఇంకోసారి ఆగుతాలే అనుకుంటూ ఒక వాన కాలం గడిచింది, ఒక చలి కాలం గడిచింది, మళ్లీ ఎండలొచ్చాయి.

ఒకసారి మాబున్ని బండిలో పోతూ, ఆ ముసలామె ఎవరు, ఎందుకు హారన్ కొడతావు అని అడిగింది. దస్తగిరి జరిగిందంతా చెప్పాడు. ఆమె తప్పూ చెప్పాడు, తన భయమూ చెప్పాడు. మాబున్ని బిడ్డ తల నిమురుతూ అంతా వింది.

"బండి కాలితేనే మనిషి గుర్తొస్తాదా నీకు?" అంది.

దస్తగిరి ఆ రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లాడు. తర్వాతి సంతకు బొరుగుల పొట్లం కట్టించుకుని బయలుదేరాడు. బండి ఏం నేర్చుకుంటుందో నేర్చుకోనీ, ఈసారి ఆగాల్సిందే అనుకున్నాడు. కనుమ ఎక్కాడు. ఇంజిన్ చల్లగా ఉంది. కొట్టం కనబడగానే మూడుసార్లు హారన్ కొట్టాడు. చెయ్యి పైకి లేవలేదు. బ్రేకు తొక్కి, ఏ రోగమూ లేని బండిని కనుమ మీద ఆపాడు.

సుంకమ్మ గుమ్మానికి ఆనుకుని, ఎక్కుడు రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చుని ఉంది. అవ్వా అని పిలిచాడు. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాడు. పై గొట్టం వేడినీ కింది గొట్టం చల్లదనాన్నీ చూపించిన ఆ చెయ్యి ఇప్పుడు పూర్తిగా చల్లబడిపోయి ఉంది.

ఎండలో బిందె నిండుగా ఉంది. నీడలో కుండ నిండుగా ఉంది. లోపల పొయ్యి దగ్గర, మూతపెట్టిన సంగటి పక్కన, కడిగిన కంచాలు రెండు ఉన్నాయి. ఇన్నాళ్లూ, అతను ఆగని ప్రతి సంతరోజూ, ఆమె రెండు కంచాలు కడిగి పెడుతూనే ఉందని దస్తగిరికి అప్పుడు తెలిసింది. నేల మీద కూలబడి పెద్దగా ఏడ్చాడు. అక్కడ వినడానికి ఎవరూ లేరు.

ఒక్కడే గొయ్యి తవ్వలేడు, ఒక్కడే మొయ్యలేడు. లేచి రోడ్డుకు అడ్డంగా నిలబడి, వచ్చిన బండినల్లా ఆపాడు. మొదటి లారీ డ్రైవరు తిట్టాడు. నడిచే బండిని ఇక్కడ ఆపమంటావా, బుద్ధుందా నీకు అన్నాడు. దస్తగిరి కొట్టం వైపు చెయ్యి చూపించాడు. లారీ ఆగింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక బస్సు. అందరూ ఏదో ఒకనాడు ఆమె చేతి నీళ్లు తాగినవాళ్లే, కాకపోతే వాళ్ల నాయనలు తాగి ఉంటారు. ఒక్కొక్కరే ఇంజిన్లు ఆపేశారు. ఇంజిన్ చప్పుడు లేని కనుమ ఎంత ఒంటరిగా ఉంటుందో ఆ డ్రైవర్లు ఆ రోజే మొదటిసారి విన్నారు. ఆమె ఇన్నేళ్లూ విన్నది దాన్నే.

గడ్డపారలతో, లారీల్లో దొరికిన ఇనప రాడ్లతో గొయ్యి తవ్వారు. దిగుడులో రెండో మలుపు కనబడే చోట ఆమెను పడుకోబెట్టారు. దస్తగిరి నీడ కుండ నీళ్లతో ఆమె పెదవులు తడిపి, ఎండ బిందె తెచ్చి చుట్టూ సన్నటి ధారగా పోశాడు. తర్వాత అందరూ భయం భయంగా తాళాలు తిప్పారు. ఒక్క బండీ మొరాయించలేదు. అన్నీ స్టార్టయ్యాయి, అన్నీ కొండ దిగాయి. ఆ తర్వాత కూడా ఏ బండీ ఆ చోటు అలవాటు చేసుకోలేదు.

ఒక్క దస్తగిరి నీలం పికప్పు మాత్రం చేసుకుంది. అది నడిచినన్నాళ్లూ, వచ్చిన ప్రతిసారీ అక్కడ ఆగింది. ఆపింది బండో, దస్తగిరో, ఎవరూ అడగలేదు.

ఇప్పటికీ ఆ కనుమ మీద ఎండలో ఒక సత్తు బిందె, నీడలో ఒక మట్టి కుండ ఉంటాయని చెబుతారు. పగిలితే ఎవరో ఒకరు కొత్తవి పెడతారు. ఎక్కి వచ్చిన డ్రైవరు, బండి ఎంత బాగా నడుస్తున్నా, అక్కడ ఆపుతాడు. బానెట్ ఎత్తి పై గొట్టం ముట్టుకుంటాడు, కింది గొట్టం ముట్టుకుంటాడు. కుండలో నీళ్లు తాగుతాడు. తనవెంట తెచ్చిన నీళ్లతో రెండూ నింపి, మూడుసార్లు హారన్ కొట్టి దిగుతాడు.

ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకో మాట కూడా నిలిచిపోయింది. ఇంటికి ఎవరైనా వస్తే, ఏం పని మీద వచ్చావని అడగరు. "బండి కాలిందా, చల్లగానే వచ్చినావా?" అంటారు. చల్లగానే వచ్చినా అని అవతలివాళ్లు అన్నారంటే, ఏ అవసరమూ లేకుండా, ఊరికే, నిన్ను చూద్దామనే వచ్చానని. ఆ జవాబు వింటే ఇంటివాళ్లకు పండగే.

మీరు కూడా నా దగ్గరికి ఇవాళ చల్లగానే వచ్చారు కదా. లేవకండి, ఇంకాసేపు కూర్చోండి. కుండలో నీళ్లున్నాయి, తాగి పోదురుగాని.